వేదిక ఎత్తు ఒకటిన్నర అడుగు: ప్రకాశం జిల్లాలో ఒక ఆరుబయలు జానపద ఉత్సవం, కేస్ స్టడీ

కొండపికీ సింగరాయకొండకీ మధ్య పొగాకు పండే ఒక ఊళ్లో రెండు రాత్రులు జరిగిన జానపద ఉత్సవం ఏర్పాట్ల వివరం ఇది. డప్పు, ఆడవాళ్ల కోలాటం, జడకోలాటం, చెక్కభజన, బుర్రకథ, తోలుబొమ్మలాట: మొత్తం ఆరు కళారూపాలు. రాత్రికి 1,200 మంది వస్తారన్న అంచనాతో ఏర్పాట్లు జరిగాయి.

ఇలాంటివి అయిపోయాక "ఊరంతా ఒక్కటైంది" అని పత్రికల్లో ఒక వాక్యం పడుతుంది. నిజానికి ఆ ఒక్కటి కావడమన్నది చాలా చిల్లర నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. వేదిక ఎంత ఎత్తు, ముందు వరసలో ఎవరు కూర్చున్నారు, డప్పులవాళ్లు ఏ బంతిలో తిన్నారు, మైకులో ఎవరి పేరు ఎన్నిసార్లు వినబడింది, ఆడవాళ్లు ఎన్నింటిదాకా ఉండగలిగారు. ఇవన్నీ ముందుగా కాగితం మీద తేల్చుకోదగ్గ విషయాలే. తేల్చుకోకపోతే ఊళ్లో పాతుకుపోయిన అలవాటే వాటిని తేల్చేస్తుంది.

తేదీ, సమయం

ఈ ప్రాంతానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. వాయుగుండాల భయం కూడా అప్పుడే. సంక్రాంతి దాటితే వాన బెడద తగ్గుతుంది కానీ పొగాకు పని ముదురుతుంది. ఆకు రెలుపులు (పండిన ఆకు కోత), బ్యారన్లు (ఆకును మంట వేడితో ఆరబెట్టే గదులు) ఒకేసారి నడుస్తాయి. బ్యారన్ ఒకసారి నింపితే ఐదారు రోజులు రాత్రీ పగలూ మంట చూసే మనిషి ఉండాలి. అంటే ఊళ్లో సగం ఇళ్లల్లో ఒక మగమనిషి రాత్రంతా కదలడానికి లేదు. అందుకని మాఘ పౌర్ణమి దగ్గరి శని, ఆదివారాలు పెట్టుకుని, రెండు రాత్రుల్లోనూ ఒకే తరహా క్రమం ఉంచారు. మొదటి రాత్రి రాలేని మనిషి రెండో రాత్రి వచ్చినా డప్పు, కోలాటం, చెక్కభజన మూడూ చూడగలగాలి. బుర్రకథ మొదటి రాత్రికి, తోలుబొమ్మలాట, జడకోలాటం రెండో రాత్రికి వచ్చాయి. వెన్నెల ఉంటే పక్క ఊళ్లనుంచి నడిచి వచ్చేవాళ్లకు తిరుగు దారి సులువు.

సమయం విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు, వాద్యాలు కూడదు. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాష్ట్ర ప్రభుత్వం 10 నుంచి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతానికి నిర్ణయించిన పరిమితి కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ, లేదా 75 డెసిబెల్స్, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. తిరునాళ్లలో తెల్లవార్లూ నడిపిన పాత అలవాటును చూపించి "ఎవరడుగుతారులే" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అడిగేది పోలీసులు కాదు, పరీక్షలకు చదివే పిల్లలున్న ఇల్లు, మంచం పట్టిన ముసలాయన ఉన్న ఇల్లు. ఆ రెండిళ్లూ ఉత్సవానికి ఎదురు తిరిగాక ఊరు ఒక్కటైందని చెప్పుకోవడంలో అర్థం లేదు. కాబట్టి రెండు పట్టికలు వేసుకోవాలి: అనుమతి వస్తే 11:45కి ముగిసేది ఒకటి, రాకపోతే 10కి ముగిసేది ఇంకొకటి. అనుమతి కాగితంలో ముగింపు సమయం అంకెల్లో రాయించుకోవాలి.

స్థలం

మొత్తం 60 సెంట్లు, మినుము తీసిన చేను. నేల మీద కూర్చునే మనిషికి దారులతో కలిపి ఆరు చదరపు అడుగులు వేసుకుంటే 1,200 మందికి 7,200 చదరపు అడుగులు, అంటే పదహారున్నర సెంట్లు. మిగతాది ఆట వలయం, వంట, బంతులు, బళ్లు నిలిపే చోటు.

చేలో మొదటి సమస్య మోళ్లు. కోలాటం ఆడేది ఉత్త కాళ్లతో. పంట కోసిన మోడు పైకి కనిపించదు, అరికాలికి గుచ్చుకున్నాకే తెలుస్తుంది. గొర్రు తోలించి, ఏరించి, ఆ తర్వాత రోలరు నడపాలి. రోలరు ఒక్కటే నడిపితే మోడు మట్టిలోకి దిగి, ఆట మొదలైన అరగంటకు మళ్లీ పైకి తేలుతుంది. రెండో సమస్య దుమ్ము. రెండు డజన్ల మంది ఒకే చోట అడుగులేస్తే లేచే దుమ్ము నేరుగా పాటగాళ్ల గొంతులోకి పోతుంది. ముందురోజు సాయంత్రం వలయాన్ని బాగా తడిపి, ఆటరోజు మూడు గంటలకు పైపైన చల్లితే చాలు. ఐదు గంటలకు తడిపితే బురద.

వలయం కొలత ఊహతో గీయకూడదు. కోలాటానికి 24 మంది, ఒక్కొక్కరికి నాలుగున్నర అడుగుల ఎడం. చుట్టుకొలత 108 అడుగులు, వ్యాసం సుమారు 34 అడుగులు. చుట్టూ మరో మూడేసి అడుగులు ఖాళీ వదిలి, తాడు కాకుండా సున్నపు గీత గీశారు. తాడు కడితే లోపలివాళ్లు కళాకారులు, బయటివాళ్లు జనం అయిపోతారు. పైగా చీకట్లో పిల్లలు తట్టుకుని పడతారు.

వేదిక 20 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు, ఎత్తు ఒకటిన్నర అడుగు మాత్రమే. టెంటు హౌసువాళ్లు నాలుగడుగుల వేదిక తెస్తామంటారు, వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నది అదే కాబట్టి. కూర్చున్న జనానికి ఒకటిన్నర అడుగు సరిపోతుంది. నాలుగడుగులైతే ముందు కూర్చున్నవాళ్లు బుర్రకథకుణ్ణి మెడ పైకెత్తి చూడాలి, మెట్లు కావాలి, మెట్లుంటే ఎక్కాలనుకునే నాయకులూ వస్తారు. ముందు 25 అడుగుల దాకా కుర్చీ అనేది లేదు, పట్టలే పరిచారు. కుర్చీలు వెనక, రెండు పక్కల, పెద్దవయసువాళ్లకూ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ మాత్రమే. సోఫా తెప్పించనే లేదు. ఈ ఒక్క ఏర్పాటుకు ఎదురైనంత ఒత్తిడి మరి దేనికీ రాలేదు. గౌరవం తగ్గుతుందన్న మాట వచ్చినప్పుడు వాదించకుండా ముందు పట్ట మీద సర్పంచినీ గుడి పూజారినీ కూర్చోబెట్టారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు నిలబడి చుట్టూ చూసి, చెప్పులు విడిచి వాళ్ల పక్కన కూర్చున్నారు.

డప్పు, మంచు, మంట

మాఘమాసపు రాత్రి తొమ్మిది దాటితే మంచు దిగుతుంది. డప్పుకు ఉన్నది మేకతోలు, చెమ్మ తగిలితే వదులై నాదం మొద్దుబారుతుంది. కాచుకోవడానికి మంట లేకపోతే పావుగంటలో డప్పు అట్ట మీద కొట్టినట్టు మోగుతుంది. మంట ఏర్పాటు ఎప్పుడూ చివరి నిమిషందాకా ఎవరి పనీ కాదు. ఇక్కడ వలయానికి 40 అడుగుల దూరంలో, గాలివాలుకు, పందిరికీ తీగలకూ ఎడంగా, మూడడుగుల గుంట తవ్వి చుట్టూ ఇటుకలు పేర్చారు. రాత్రికి ఎండుగడ్డి నాలుగు మోపులు, తాటాకు మట్టలు కొన్ని. పక్కన ఇసుక రెండు బొచ్చెలు, నీళ్ల డ్రమ్ము ఒకటి. గడ్డి మంట చప్పున లేచి చప్పున తగ్గుతుంది, డప్పుకు కావలసింది అదే. కట్టెల నిప్పు మీద పెడితే తోలు ఒక చోట ఎక్కువ కాగి పగులుతుంది.

డప్పుకు మైకు పెట్టలేదు. పది డప్పులు చిర్ర, చిటికెనపుల్ల అనే రెండు పుల్లలతో ఆరుబయట మోగితే ఆ చోటంతా నిండుతుంది. మైకు పెడితే చిర్ర దెబ్బ చీలిపోయి చెవుల్లో గుచ్చుకుంటుంది, సరిహద్దు దగ్గర డెసిబెల్స్ కూడా దాటిపోతాయి.

డప్పు ఊరేగింపు దారి మీద జరిగినంత చర్చ మరో దాని మీద జరగలేదు. మామూలుగా డప్పు పల్లెలో, అంటే దళితవాడలో మొదలై, గుడి దగ్గర ఆగి, పెద్ద బజారు (వీధి) గుండా తిరుగుతుంది. పండక్కీ చావుకీ పిలుస్తారు, కొట్టించుకుంటారు, పంపించేస్తారు. ఈ ఉత్సవంలో ఊరేగింపు పెద్ద బజారులో మొదలై పల్లెలోకి వెళ్లి, అక్కడ ఇరవై నిమిషాలు ఆగి, పల్లెవాళ్లను కలుపుకుని చేనుకు చేరింది. అంటే మిగతా బజార్లవాళ్లు డప్పు వెనక నడిచి పల్లెలోకి వెళ్లాలి. ఈ దారిని సభలో చర్చకు పెడితే తెగదు. సమయాలతో సహా కార్యక్రమ పత్రంలో అచ్చువేసి ఇంటింటికీ పంచారు. అచ్చయిన దాన్ని మార్చమని అడగడానికి మనిషి మొహమాటపడతాడు.

కోలాటం, జడకోలాటం, చెక్కభజన

జడకోలాటం చూడటానికి అందంగా ఉంటుంది, ఏర్పాటుకు తలనొప్పి. మధ్యలో 16 అడుగుల రాట, పైన ఇనుప చక్రం, దానికి 16 తాళ్లు, ఆడేవాళ్లు ఒక్కొక్కరి చేతికి ఒకటి. తాళ్లు తప్పకుండా సరిసంఖ్యలో ఉండాలి, సగం మంది కుడికీ సగం మంది ఎడమకీ తిరుగుతూ ఒకరి కిందనుంచి ఒకరు దాటితేనే జడ పడుతుంది. అల్లిన జడను అవే అడుగులు వెనక్కి వేసి విప్పాలి. ఒక్కరు ఒక్క దాటు తప్పినా జడ విప్పేటప్పుడు ముడి పడుతుంది, తప్పిందెవరో మాత్రం అల్లేటప్పుడు తెలియదు. చివరి గంటలో ఒకరు రాకపోతే కొత్తవాళ్లను చేర్చడం కంటే ఎదుటి జతనుంచి ఇంకొకరిని తీసేసి 14 తాళ్లతో ఆడటం మేలు. వదిలేసిన రెండు తాళ్లను చక్రానికే పైకి చుట్టి కట్టేయాలి.

జట్టును బజారు వారీగా కాకుండా చీట్లు వేసి కలిపారు. కుడికి తిరిగేవాళ్లకూ ఎడమకు తిరిగేవాళ్లకూ ప్రతి చుట్టులోనూ ఎదురుపడక తప్పదు కాబట్టి, నెలరోజుల సాధనలో నాలుగు బజార్ల ఆడపిల్లలకూ ఒకరి పేర్లు ఒకరికి నోటికొచ్చాయి. ఉత్సవంలో ఊరు కలిసిందని చెప్పదగ్గ పని ఏదైనా ఉంటే అది ఈ సాధనలోనే జరిగింది, ఆ రెండు రాత్రుల్లో కాదు. సాధన సాయంత్రం ఆరున్నరకు కాకుండా మధ్యాహ్నం మూడుకు పెట్టాలి. రెలుపులకు వెళ్లినవాళ్లు ఎండెక్కేసరికి తిరిగొస్తారు, సాయంత్రమైతే ఇంటి పని.

చెక్కభజనలో పోటీ ఎప్పుడూ ఉంటుంది. నాలుగు ఊళ్ల భజనలు వస్తే నాలుగింటికీ ఒకే కోరిక, జనం నిండుగా ఉన్నప్పుడు ఆడాలని. వరసను నిర్వాహకులు నిర్ణయిస్తే ఎవరో ఒకరు అలుగుతారు. గురువులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ల చేతనే చీటీ తీయించాలి. ఒక్కో భజనకు 25 నిమిషాలు. గురువు మధ్యలో నిలబడి పాట ఎత్తుతాడు, గుంపు అందుకుంటుంది. అతని చుట్టూ మనుషులు తిరుగుతుంటారు కాబట్టి తీగ ఉన్న మైకు పనికిరాదు. వలయం మధ్యలో పైనుంచి వేలాడదీసినా చెక్కల చప్పుడు గొంతును మింగేస్తుంది. తీగలేని కాలర్ మైకు ఒక్కటి గురువుకు పెట్టి, గుంపుకు ఏమీ పెట్టకపోవడమే సరైనది.

రెండో రాత్రి చివరి అరగంట అందరి ఆట. లోపలి వలయంలో ఆటగాళ్లు, బయట ఎవరైనా. ఇందుకు జానెడున్నర పొడవు కర్రలు 60 జతలు అదనంగా ఉంచారు. మూడే అడుగులున్న పాట ఒకటి ఎంచుకుని, మామూలు కంటే నెమ్మదిగా ఎత్తారు. వేగం పెంచితే కొత్తవాళ్ల కర్ర పక్కవాళ్ల వేళ్ల మీద పడుతుంది. పదేళ్లలోపు పిల్లలకు వేరే వలయం, కర్రలు లేకుండా చేతి చరుపులతోనే. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ రారు. అందుకే ప్రతి బజారుకూ ముగ్గురిని ముందే మాట్లాడి ఉంచారు. వాళ్లు లేచాక మిగతావాళ్లను పిలవాల్సిన పని పడలేదు.

బుర్రకథ, చదివింపులు

బుర్రకథకు మైకులు మూడు. తంబుర భుజాన వేసుకుని కథకుడు వేదికంతా కదులుతాడు కాబట్టి అతనికి తల మైకు. చొక్కాకు తగిలించే మైకైతే చేతి వేళ్ల అందెల చప్పుడూ తంబుర రాపిడీ అందులో పడతాయి. హాస్యం, రాజకీయం చెప్పే వంతలిద్దరికీ (కథకుడికి పక్కన వంతపాడేవాళ్లు) స్టాండు మైకులు, వాళ్లు వాయించే గుమ్మెటకు తగలనంత ఎత్తులో. స్పీకర్లు వంతల వెనక ఉంటే మైకు కీచుమంటుంది. స్పీకర్లను వేదిక అంచుకంటే ఆరడుగులు ముందుకు, మొహం జనం వైపు పెట్టాలి.

బుర్రకథను చెడగొట్టేది మాత్రం మైకు కాదు, చదివింపులు. కథ రక్తికడుతున్న సమయంలో ఎవరో వంద నోటు అందిస్తారు, కథకుడు ఆగి "ఫలానా వారు వంద రూపాయలు" అని దీవిస్తాడు. అది విని ఇంకొకరు రెండు వందలు. అరగంటలో కథ పోయి పేర్లే మిగులుతాయి. ఇవ్వలేనివాళ్లు నిశ్శబ్దంగా వెనక్కి జరుగుతారు. అలాగని చదివింపులు పూర్తిగా ఆపేస్తే కళాకారుడి నోటి దగ్గర కూడు తీసినట్టవుతుంది, వాళ్ల రాబడిలో అదొక భాగం. ఇక్కడ చేసిందేమిటంటే, వేదిక పక్కన హుండీ పెట్టి, ఎంత వేసినా పేరు మైకులో చదవకుండా, ఆ రాత్రి ఆడిన జట్లన్నిటికీ తలసరిన పంచారు. ఊరి పెద్ద చందాలకు ఒకే బోర్డు, అక్షరక్రమంలో పేర్లు, పక్కన అంకెలు లేవు. "ఇదేందన్నా, మా పేరు చదవలేదే" అని మొదటి రాత్రి చాలామంది అడిగారు. రెండో రాత్రి ఆ అడగడం తగ్గింది, ఆగలేదు. హుండీలో పడింది చదివింపులంత ఉండదని కథకుడికి ముందే చెప్పి, ఆ తేడాను మాట్లాడుకున్న మొత్తంలోనే కలపాలి. ఇది చేయకుండా చదివింపులు ఆపితే మరుసటి ఏడు ఆ జట్టు రాదు.

చెల్లింపు అన్ని జట్లకూ తలకు ఒకే లెక్క: సగం బయానా, మిగతా సగం అదే రాత్రి బండి ఎక్కేముందు. డప్పుకు ఒక రేటు, బుర్రకథకు ఇంకొకటి అన్న అలవాటు ఇక్కడే పోవాలి. ప్రయాణ ఖర్చు వేరుగా, దూరాన్ని బట్టి.

బొమ్మలకు చీకటి

తోలుబొమ్మలాటకు కావలసింది చీకటి, ఉత్సవానికి కావలసింది వెలుగు. తెర వెనక ఒక 500 వాట్ల దీపం తోలు గుండా రంగులను ముందుకు తెస్తుంది. చేలో ఫ్లడ్‌లైట్లు వెలుగుతుంటే ఆ రంగులు పాలిపోతాయి. ఆట సాగిన గంటన్నరా ఫ్లడ్‌లైట్లు ఆపి, దారుల వెంట మోకాలెత్తున చిన్న బల్బులు, మరుగుదొడ్ల దారిలో దీపాలు మాత్రం ఉంచారు. అందుకే ఈ రెండూ వేరే స్విచ్చు మీద ఉండాలి. ఒకే లైను మీద ఉంటే ఆర్పిన వెంటనే ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు. ఆగ్నేయం నుంచి గాలి వస్తుంది కాబట్టి తెరను ఆ వైపు పరదాతో కాపాడి, కింది అంచును కూడా బిగించాలి. తెర ఊగితే బొమ్మ అంచు చెదురుతుంది. ఆడించేవాళ్లు కాలికింది చెక్కలతో యుద్ధాల చప్పుడు చేస్తారు. పట్ట పరిచిన వేదిక మీద ఆ చెక్క మోగదు, అక్కడ పట్ట తీసేయాలి.

విద్యుత్తు లెక్క ఇది: సౌండ్ 3 కిలోవాట్లు, ఫ్లడ్‌లైట్లు 0.8, బొమ్మల దీపం 0.5, నీళ్ల మోటారు 0.75, దారి బల్బులు 0.5. మొత్తం 5.55. మోటారు అందుకునేటప్పుడు లాగే కరెంటును లెక్కలోకి తీసుకుని 15 కేవీఏ జనరేటరు పెట్టారు. సగం లోడు మీద గంటకు రెండు, రెండున్నర లీటర్ల డీజిల్. పొలం లైనులో రాత్రి కరెంటుకు భరోసా లేదు, దాని మీద కొక్కెం వేయడమన్న ఆలోచనే రాకూడదు. వంట దగ్గరి లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి, తడి చేతులు తిరిగేది అక్కడే.

బంతి

ఆడవాళ్లు ఎనిమిదికి లేచి వెళ్లిపోయే ఉత్సవాలన్నిటికీ కారణం ఒకటే: ఇంటి దగ్గర వంట. చేలోనే అన్నం పెడితే పదిన్నరదాకా ఉంటారు. 700 మందికి వండారు. నూరుమందికి బియ్యం 12 కిలోలు, కందిపప్పు 3 కిలోలు, పెరుగు 8 లీటర్లు. అంటే బియ్యం 84 కిలోలు, పప్పు 21 కిలోలు. పప్పుచారు, గోంగూర పచ్చడి, ఒక కూర, పెరుగు. అంతకుమించి రకాలు పెంచితే వడ్డన ఆలస్యమై ఆట వెనక్కి జరుగుతుంది. తాగే నీళ్లు మనిషికి లీటరు చొప్పున 20 లీటర్ల టిన్నులు 60. ఆడవాళ్లు 500 మంది ఉంటారనుకుంటే తాత్కాలిక మరుగుదొడ్లు ఆరైనా ఉండాలి. వాటికి నీళ్లు నింపే మనిషిని పేరు రాసి పెట్టకపోతే గంటలో ఆరూ పనికిరాకుండా పోతాయి.

బంతికి నూరుమంది, ఏడు బంతులు. మొదటి బంతిలో కళాకారులు, వాళ్ల మధ్యలో ఊరి పెద్దలు, ఒకే వరస, ఒకే విస్తరి. వడ్డించే జట్టులో అన్ని బజార్ల పేర్లూ ఉన్నాయి, పల్లెవాళ్లు అన్నం గిన్నె పట్టుకునేలా ముందే రాసి ఉంది. గిన్నెలు కడగడం, ఎంగిలాకులు ఎత్తడం కూడా చీటీ మీదే. ఇది రాయకుండా "ఎవరో ఒకరు చేస్తార్లే" అని వదిలితే ఆ ఎవరో ఎవరవుతారో ప్రతి ఊరికీ తెలుసు. మొదటి రాత్రి కొన్ని కుటుంబాలు తినకుండా ఇంటికి వెళ్లాయి. వాళ్లను ఎవరూ పేరు పెట్టి అనలేదు, మైకులో ప్రస్తావించలేదు. రెండో రాత్రి వాటిలో కొన్ని ఇళ్ల పిల్లలు బంతిలో కూర్చున్నారు, పెద్దవాళ్లు కూర్చోలేదు. దీన్ని విజయమని రాసుకోవడం తొందరపాటు.

మిగిలిన చిక్కులు

కుర్రాళ్లకు డీజే బాక్సులు కావాలి. వద్దంటే బయట ట్రాక్టరు మీద పెట్టుకుంటారు. వాళ్లలోనే ఆరుగురికి సౌండు, జనరేటరు, బళ్ల పార్కింగు అప్పగిస్తే ఆ సంగతి చాలావరకు సర్దుకుంది. మిక్సరు దగ్గర కూర్చోబెట్టినవాడికి రెండు సాయంత్రాల శిక్షణ తప్పనిసరి, లేకపోతే ప్రతి మైకూ పైదాకా తిప్పుతాడు.

శాలువాలు, ప్రసంగాలు కలిపి రాత్రికి పది నిమిషాలని పెట్టుకున్నది మొదటి రాత్రి ఇరవై ఐదయింది, చెక్కభజనల్లో ఒకటి మరుసటి రాత్రికి వాయిదా పడింది. దీనికి మందు, సన్మానాన్ని బంతి మొదలయ్యే ముందు నిమిషాల్లో పెట్టడం. ఆకలి మీదున్న జనం ఎదుట ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు. రెండో రాత్రి అలా మార్చితే ఎనిమిది నిమిషాల్లో ముగిసింది.

మూడో రోజు పొద్దున్నే చేను శుభ్రం చేసి, మంట గుంట పూడ్చి, రైతుకు అప్పగించాలి. మేకులు, గాజు పెంకులు ఏరడానికి అయస్కాంతం కట్టిన కర్ర ఒకటీ రెండు జతల కళ్లూ కావాలి, మరుసటి పంటకు అదే చేలో ఉత్త కాళ్లతో దిగేది కూలీలే. జమాఖర్చుల కాగితం వారంలోగా గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీదా, పల్లెలో రచ్చబండ దగ్గరా, రెండు చోట్లా ఒకే రోజు అంటించారు. కర్రలు, జడ తాళ్లు, ఇనుప చక్రం బడిలో బీరువాలో ఉన్నాయి, తాళంచెవి జడకోలాటం జట్టు దగ్గర. తాళ్లను ఆరబెట్టకుండా చుట్టి పెడితే చెమ్మకు మురిగిపోతాయి కాబట్టి, పెట్టేముందు రెండు రోజులు ఎండలో వేయించారు.